మా కాలేజీ ల్యాబ్ సర్వర్‌లో ఉబుంటు లైవ్‌ప్యాచ్: ఏడాదికి పైగా వాడాక

నేను పల్నాడు జిల్లాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌ని. పన్నెండేళ్లుగా ఇదే పని. మా దగ్గర పెద్ద లినక్స్ సర్వర్ ఒకటే ఉంది. సెకండ్ ఇయర్ నుంచి ఫైనల్ ఇయర్ దాకా సీఎస్‌ఈ, ఐటీ పిల్లలందరికీ అందులో లాగిన్ ఉంటుంది. అన్నీ కలిపి తొమ్మిది వందల అకౌంట్ల దాకా తేలతాయి. పొద్దున తొమ్మిదికి ల్యాబ్ తలుపు తీసిన దగ్గర్నుంచి హాస్టల్ పిల్లలు రాత్రి పన్నెండుకి అసైన్‌మెంట్ పెట్టేదాకా అందులో ఎవరో ఒకరు పని చేస్తూనే ఉంటారు. ఉబుంటు లినక్స్ తయారుచేసే కంపెనీ ఇచ్చే ఉబుంటు ప్రో చందాతో పాటు వచ్చే లైవ్‌ప్యాచ్ అనే సర్వీసుని 2024 మే నుంచి ఈ సర్వర్ మీద నడుపుతున్నాను. కెర్నల్‌లో, అంటే సిస్టమ్‌ని నడిపే మూల భాగంలో, ఉన్న లోపాలని రీబూట్ చేయకుండానే సరిచేయడం దాని పని. దాని గురించి చెప్పాలంటే ముందు ఆ ఏప్రిల్‌లో ఏం జరిగిందో చెప్పాలి. అది జరగకపోతే నేను దీని జోలికే వెళ్లేదాన్ని కాదు.

ఏప్రిల్ రెండో వారం. మధ్యాహ్నం బ్యాచ్ వెళ్లిపోయింది, అటెండర్ ఫ్యాన్లు ఆపుతున్నాడు. థర్డ్ ఇయర్ అబ్బాయి ఒకడు వెళ్లకుండా నిలబడ్డాడు. "మేడమ్, ఒక్కసారి నా సిస్టమ్ దగ్గరికి వస్తారా?" అన్నాడు. ప్రింటర్ సంగతేమో అనుకుని వెళ్లాను. స్క్రీన్ మీద వాడి లాగిన్, వాడి ఫోల్డర్. కానీ లైను చివర డాలర్ గుర్తు ఉండాల్సిన చోట హాష్ గుర్తు ఉంది. వాడు నా ముందే "హూ యామ్ ఐ" కమాండ్ కొట్టాడు. కింద "రూట్" అని వచ్చింది. అంటే సర్వర్ మీద అన్ని హక్కులూ ఉన్న అకౌంట్.

ఆ సర్వర్ రూట్ పాస్‌వర్డ్ కాలేజీలో ఇద్దరికే తెలుసు. వాడికి అది అవసరమే పడలేదు. మార్చి 26న ఒక సెక్యూరిటీ రీసెర్చర్ బయటపెట్టిన కోడ్‌ని దించుకుని, మేము ఇచ్చిన అకౌంట్‌లోనే, మేము ఇచ్చిన కంపైలర్‌తోనే కంపైల్ చేసి రన్ చేశాడు. అంతే. మిగతా పిల్లల ఫోల్డర్లు, లెక్చరర్లు దాచుకున్న ఇంటర్నల్ పరీక్షల పేపర్లు, అన్నీ వాడి ముందు తెరిచి ఉన్నాయి.

"ఇంకెవరికైనా చెప్పావా నాన్నా?"

"లేదు మేడమ్. ముందు మీకే చెప్దామని."

ఆ మాట వాడు అనకపోయి ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. మా హెచ్‌ఓడీ గారు మొదట క్రమశిక్షణ చర్య అన్నారు. నేను గట్టిగా అడ్డుపడ్డాను. తలుపు తెరిచి ఉందని ఇంటివాళ్లకి చెప్పినవాణ్ణి దొంగ అని ఎలా అంటాం? ఆయన విన్నారు, ఆ విషయంలో ఆయనకి రుణపడి ఉన్నాను. ఆ సాయంత్రమే నెట్‌వర్క్ కేబుల్ పీకేశాను. ఒకసారి రూట్ చేతులు మారిన మెషీన్‌ని నమ్మకూడదు కాబట్టి మొత్తం చెరిపి, రెండు రాత్రులు కూర్చుని మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, అందరి పాస్‌వర్డ్‌లూ మార్చాను.

వాడు వాడుకున్న లోపానికి లోపాల జాబితాలో ఇచ్చిన నంబరు సీవీఈ-2024-1086. లినక్స్ కెర్నల్‌లో నెట్‌వర్క్ ప్యాకెట్లను వడగట్టే నెట్‌ఫిల్టర్ అనే భాగం ఉంది. అందులో వడగట్టే రూల్స్‌ని చూసుకునే ఎన్‌ఎఫ్ టేబుల్స్‌లో ఉన్న మెమరీ తప్పు ఇది. వచ్చిన ప్రతి ప్యాకెట్‌కీ అక్కడ ఒక తీర్పు ఉంటుంది. 0 అంటే పారెయ్, 1 అంటే రానివ్వు. పారేసేటప్పుడు ఎందుకు పారేశామో చెప్పే ఎర్రర్ నంబరు కూడా జత చేయొచ్చు. ఆ నంబరు ఎప్పుడూ మైనస్‌లో ఉండాలి. ప్లస్ నంబరు ఇస్తే ఆపే చెకింగ్ అక్కడ లేదు. దాంతో ఎవరైనా "పారెయ్, ఎర్రర్ నంబరు 1" అని రూల్ రాస్తే కెర్నల్ ప్యాకెట్‌ని పారేసి, దాని మెమరీని వదిలేసి, పైకి 1 పంపిస్తుంది. పైనున్న కోడ్ ఆ 1 చూసి రానివ్వమన్నారని అనుకుంటుంది. లేని ప్యాకెట్‌ని ముందుకు తీసుకెళ్లి, చివర్లో దాన్ని మళ్లీ ఒకసారి వదిలేస్తుంది. ఒకే మెమరీని రెండుసార్లు ఫ్రీ చేయడం. డబుల్ ఫ్రీ.

నేను ప్రతి ఏడాదీ డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో పిల్లలతో కావాలని చేయించే తప్పు ఇదే. మాలాక్ అనే ఫంక్షన్‌తో మెమరీ తీసుకుని, ఒకే పాయింటర్‌ని, అంటే ఆ మెమరీ చిరునామాని, రెండుసార్లు ఫ్రీ చేయమంటాను. ప్రోగ్రాం అక్కడికక్కడే "డబుల్ ఫ్రీ డిటెక్టెడ్ ఇన్ టీక్యాష్ 2" అని చెప్పి ఆగిపోతుంది. పిల్లలు దాన్ని రికార్డులో రాసుకుంటారు. మామూలు ప్రోగ్రాం తప్పు చేస్తే కింద లైబ్రరీ పట్టుకుంటుంది, దాని కింద కెర్నల్ ఉంటుంది. కెర్నలే తప్పు చేస్తే దాన్ని పట్టుకోవడానికి దాని కింద ఎవరున్నారు? కెర్నల్‌లోనూ చిన్న చెకింగ్ ఉంది కానీ అది ఇప్పుడే ఫ్రీ అయినదాన్నే వెంటనే మళ్లీ ఫ్రీ చేస్తున్నారా అని మాత్రమే చూస్తుంది. ఆ రీసెర్చర్ రెండు ఫ్రీల మధ్యలో వేరే ప్యాకెట్లను ఫ్రీ చేయించి ఆ చెకింగ్‌ని దాటేశాడు.

దీనివల్ల రూట్ ఎలా వస్తుందని మా హెచ్‌ఓడీ గారు అడిగితే హాస్టల్ రిజిస్టర్‌తో చెప్పాను. ఒక కుర్రాడు గది ఖాళీ చేశాడు. వార్డెన్ రిజిస్టర్‌లో ఆ గదిని పొరపాటున రెండు వరుసల్లో "ఖాళీ" అని రాశాడు. మొదటి వరుస చూసి ఆ గదిని ఆఫీసు రికార్డులు పెట్టుకోవడానికి ఇచ్చారు. రెండో వరుస చూసి అదే గదిని కొత్తగా చేరిన కుర్రాడికి ఇచ్చారు. ఇప్పుడు ఆ కుర్రాడు తన గదిలో తన పుస్తకంలో రాసుకుంటున్నాననే చెబుతాడు. నిజానికి రాసేది ఆఫీసు రికార్డులో. ఈ దాడిలోనూ ఒకే మెమరీ పేజీ రెండు పనులకి కేటాయింపు అవుతుంది. ఒకవైపు అది యూజర్ స్వేచ్ఛగా రాసుకునే పేజీ, ఇంకోవైపు ఏ చిరునామా ఎక్కడికి వెళ్లాలో చెప్పే పేజీ టేబుల్. అది చేతికి వచ్చాక మెషీన్ మెమరీలో ఎక్కడైనా ఏదైనా రాయొచ్చు.

ఆ తప్పు 2014లో వచ్చిన 3.15 వెర్షన్ నుంచి కెర్నల్‌లో ఉంది. పదేళ్లు. 2024 జనవరి చివరికే సరిచేశారు. ఇక్కడ నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం చెప్పాలి. సరిచేసిన కెర్నల్ మా సర్వర్‌లోకి ఆటోమేటిక్ అప్‌డేట్లలో అప్పటికే దిగి డిస్క్ మీద కూర్చుంది. నేను లాగిన్ అయిన ప్రతిసారీ "సిస్టమ్ రీస్టార్ట్ రిక్వైర్డ్" అని మూడేసి నక్షత్రం గుర్తుల మధ్య చెబుతూనే ఉంది. నడుస్తున్నది మాత్రం సంక్రాంతి సెలవుల్లో బూట్ చేసిన పాత కెర్నల్.

ఎందుకు రీబూట్ చేయలేదంటారా? మా సర్వర్ పాతది. డిస్కులని కలిపి నడిపే రైడ్ కార్డు, డిస్కులు అన్నీ చూసుకుని లేచేసరికి పదకొండు నిమిషాలు పడుతుంది. ఫిబ్రవరిలో ఇంటర్నల్స్. మార్చిలో ప్రాజెక్ట్ రివ్యూలు. తర్వాత ఎక్స్‌టర్నల్ ల్యాబ్ పరీక్షలు, బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చి కూర్చుంటారు. రాత్రి పూట చేద్దామంటే హాస్టల్ పిల్లలు. ఏ సిస్టమ్ అడ్మిన్‌ని అడిగినా ఈ లిస్టే చెబుతారు. ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే కోడ్, డౌన్‌లోడ్ అయితే చాలు పని అయిపోయినట్టే అనే భావన నాలో ఎక్కడో ఉండేది. ఆ హాష్ గుర్తు చూశాక అది పోయింది.

లైవ్‌ప్యాచ్ చేసేది సరిగ్గా ప్యాచ్ దిగడానికీ రీబూట్‌కీ మధ్య ఉన్న ఈ ఖాళీని పూడ్చడం. కెర్నల్‌ని ఆపకుండా, నడుస్తున్నదాంట్లోనే తప్పున్న ఫంక్షన్‌ని మార్చేస్తుంది. ఇదేదో మాయ కాదు. కెర్నల్ కంపైల్ అయ్యేటప్పుడే దాదాపు ప్రతి ఫంక్షన్ మొదట్లో ఐదు బైట్ల ఖాళీ వదులుతారు, ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో చూసే ట్రేసింగ్ కోసం. మామూలుగా అక్కడ ఏ పనీ జరగదు. ప్యాచ్ వచ్చినప్పుడు అక్కడ ఒక మళ్లింపు పెడతారు. ఎవరు ఆ పాత ఫంక్షన్‌ని పిలిచినా కొత్తదాంట్లోకి వెళ్తారు. మరి ఆ క్షణంలో పాత ఫంక్షన్ మధ్యలో ఉన్నవాళ్ల సంగతేంటి? మా నడికుడి జంక్షన్‌లో పాయింట్లు మార్చడం చూసినవాళ్లకి ఇది తేలిగ్గా తెలుస్తుంది. పాయింటు మీద బండి ఉన్నంతసేపు దాన్ని కదపరు. బండి దాటాకే మారుస్తారు, వెనక వచ్చేది కొత్త లైన్లోకి పోతుంది. ఇక్కడా అంతే. ఒక్కో ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, పాత ఫంక్షన్‌లో లేదని చూసుకుని, ఒక్కొక్కదాన్నీ విడిగా కొత్త దారిలోకి మారుస్తుంది.

ఈ ఆలోచన ఎంఐటీలో మొదలైన కేస్‌ప్లైస్‌తో జనానికి తెలిసింది. ఆ కంపెనీని 2011లో ఒరాకిల్ కొనేసింది. తర్వాత రెడ్‌హ్యాట్ ఒకటి, సూసె ఒకటి సొంతంగా తయారుచేసుకున్నాయి. ఆ రెండింటి సారం కలిపి 2015లో 4.0 కెర్నల్‌లో అసలు లినక్స్‌లోకే తీసుకున్నారు. ఉబుంటు తయారుచేసే కెనానికల్ దీన్ని సర్వీసుగా మొదలుపెట్టింది 2016 అక్టోబరులో.

పెట్టుకోవడం సులువు. ఉబుంటు వాళ్ల సైట్‌లో అకౌంట్ తెరిస్తే ఒక టోకెన్ ఇస్తారు. దాన్ని "ప్రో అటాచ్" కమాండ్‌కి అతికిస్తే లైవ్‌ప్యాచ్ తనంతట తనే ఆన్ అవుతుంది. సొంత వాడకానికీ, చిన్న స్థాయి వాడకానికీ ఐదు మెషీన్ల దాకా ఉచితం. అది దాటితే మెషీన్‌కి ఇంత అని ఏడాదికి కట్టాలి. మా కాలేజీ లాగా బయటి నెట్ అంతా ప్రాక్సీ అనే మధ్యవర్తి సర్వర్ మీద నడిచే చోట ఒక్క పని అదనంగా ఉంది. ఆ ప్రాక్సీ వివరాలు లైవ్‌ప్యాచ్ కాన్ఫిగ్‌లో ఇవ్వాలి. ఫైర్‌వాల్ చూసే అబ్బాయితో మాట్లాడి 443 పోర్టు తెరిపించుకున్నాక స్టేటస్‌లో పచ్చ టిక్కులు వచ్చాయి. ఆ తర్వాత అది గంటకోసారి తనే వెళ్లి కొత్త ప్యాచ్ ఉందేమో చూసుకుంటుంది.

మొదటి ప్యాచ్ పడడం నేను కళ్లారా చూశాను. ల్యాబ్‌లో నలభై మూడు మంది లింక్డ్ లిస్ట్ ప్రోగ్రాం రాస్తున్నారు. నేను నా టేబుల్ దగ్గర కెర్నల్ లాగ్ తెరిచి పెట్టుకున్నాను. "ఎనేబ్లింగ్ ప్యాచ్" అని ఒక లైను. "స్టార్టింగ్ ప్యాచింగ్ ట్రాన్సిషన్" అని ఇంకో లైను. నా చెయ్యి తెలియకుండానే ఫోన్ మీదకి వెళ్లింది, ఏదైనా ఆగిపోతే హెచ్‌ఓడీ గారికి చెప్పాలి కదా అని. కొన్ని సెకన్లు గడిచాయి. "ప్యాచింగ్ కంప్లీట్." తలెత్తి చూస్తే ఒక్కళ్లు కూడా కీబోర్డ్ మీద నుంచి చెయ్యి తీయలేదు. రెండో వరుసలో ఒకమ్మాయి సెమీకోలన్ మర్చిపోయి ఎర్రర్ ఎందుకొచ్చిందో పక్కమ్మాయిని అడుగుతోంది. కింద కెర్నల్‌లో ఒక ముక్క మారిపోయిందని ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. పన్నెండేళ్ల ఉద్యోగంలో నాకు అంత తృప్తి కలిగిన రోజులు తక్కువ.

అప్పట్నుంచి ఇప్పటిదాకా దీనివల్ల మా సర్వర్ ఒక్కసారి కూడా పడిపోలేదు.

ఇక కొనేముందు, అంటే పెట్టుకునేముందు, తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. ఉచిత టోకెన్‌తో స్టేటస్ చూస్తే టియర్ అన్న చోట, ఈ మెషీన్ కొత్త ప్యాచ్‌లను బీటా టెస్ట్ చేస్తుంది అనే అర్థం వచ్చే మాట కనిపిస్తుంది. డబ్బు కట్టని వాళ్లకి ప్యాచ్ ముందు వెళ్తుంది, కట్టినవాళ్లకి తర్వాత. వాళ్లు దీన్ని దాచలేదు, స్టేటస్‌లోనే రాశారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. కానీ ఆసుపత్రి, బ్యాంకు లాంటి చోట పని చేసేవాళ్లు ఉచితం కదా అని అలాగే పెట్టేయకుండా ఈ లైను చదివి నిర్ణయించుకోవాలి.

ప్యాచ్ పడ్డా కెర్నల్ వెర్షన్ నంబరు మారదు. "యూనేమ్" కమాండ్ పాత నంబరే చూపిస్తుంది. నిరుడు మా కాలేజీకి ఆడిట్ చేయడానికి వచ్చినవాళ్ల స్కానర్ ఆ నంబరు చూసి, మా సర్వర్‌కి పెద్ద లోపాలు ఉన్నాయని ఎర్ర రంగులో రెండు పేజీలు ఇచ్చింది. లైవ్‌ప్యాచ్ స్టేటస్ ప్రింట్ తీసి, కెర్నల్‌లో లోడ్ అయిన ప్యాచ్ మాడ్యూల్ పేరు చూపించి, ఒక మధ్యాహ్నమంతా వివరిస్తే గానీ ఆ పేజీలు వెనక్కి తీసుకోలేదు. మీకూ ఆడిట్ ఉంటే ఆ ప్రింట్ ముందే ఫైల్లో పెట్టుకోండి.

ఇది అన్ని లోపాలకీ మందు కాదు. హై, క్రిటికల్ అని తేల్చిన కెర్నల్ లోపాలకే ప్యాచ్‌లు వస్తాయి. ఫంక్షన్ మార్చడం సులువు గానీ, అప్పటికే మెమరీలో ఉన్న డేటా ఆకారాన్నే మార్చాల్సిన సవరణలు ఈ పద్ధతికి అంత తేలిగ్గా లొంగవు. కెర్నల్ బయట ఉండే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, జీలిబ్‌సీ లాంటి లైబ్రరీలు దీని పరిధిలోకే రావు, వాటికి మామూలు అప్‌డేట్లే. పైగా ఒక కెర్నల్‌కి ప్యాచ్‌లు ఇచ్చే కాలానికి హద్దు ఉంది. ఆ హద్దు దాటితే కొత్త కెర్నల్‌కి మారమని స్టేటస్‌లో చెబుతుంది. అంటే రీబూట్ తప్పదు. లైవ్‌ప్యాచ్ రీబూట్‌ని మాన్పించదు, మనకి వీలైన రోజుకి వాయిదా వేసుకునే వెసులుబాటు ఇస్తుంది. నేను దాన్ని ఏడాదికి మూడుసార్లు పెట్టుకున్నాను. సంక్రాంతి, వేసవి సెలవులు, దసరా.

ఇంకో మాట కూడా చెప్పకపోతే ఈ సర్వీసుకి ఇవ్వాల్సినదాని కంటే ఎక్కువ పేరు ఇచ్చినట్టవుతుంది. ఆ ఏప్రిల్‌లో మమ్మల్ని కాపాడగలిగింది లైవ్‌ప్యాచ్ ఒక్కటే కాదు. ఫైర్‌వాల్ రూల్స్ రాసే హక్కు మామూలు యూజర్‌కి ఉండదు. కానీ యూజర్ నేమ్‌స్పేస్ అనే సౌకర్యంతో ఎవరైనా తనకంటూ ఒక చిన్న లోకం సృష్టించుకుని, అందులో తానే రూట్ అయి, ఎన్‌ఎఫ్ టేబుల్స్ దాకా వెళ్లొచ్చు. ఆ అబ్బాయి దించుకున్న కోడ్ వెళ్లిన దారి అదే. ఆ సౌకర్యాన్ని మామూలు యూజర్లకి ఆపడానికి ఉబుంటులో ఒక్క సెట్టింగ్ చాలు, అన్‌ప్రివిలేజ్డ్ యూజర్ నేమ్‌స్పేస్ క్లోన్ విలువని 0 చేయాలి. నేను కొత్త ఇన్‌స్టాల్ అయిన మొదటి గంటలోనే చేశాను. రూట్ లేకుండా కంటెయినర్లు నడిపే ప్రాజెక్టులు దీనివల్ల ఆగుతాయి. అలాంటి బ్యాచ్‌లు మాకు రెండే ఉంటే వాళ్లకి వేరే వర్చువల్ మెషీన్ ఇచ్చాను. 24.04 వెర్షన్‌లో ఉబుంటు వాళ్లే, ప్రోగ్రాంల హక్కులని కట్టడి చేసే యాప్‌ఆర్మర్ ద్వారా ఈ దారిని మొదటి నుంచే బిగించారు. పది మంది లాగిన్ అయ్యే ఏ మెషీన్ అయినా మీ చేతిలో ఉంటే, లైవ్‌ప్యాచ్ పెట్టే ముందు ఈ సెట్టింగ్ చూడండి.

అమెరికా సైబర్ సెక్యూరిటీ సంస్థ సీసా 2024 మే 30న ఆ ఏప్రిల్ నాటి లోపాన్ని నిజంగా దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలో చేర్చింది. జూన్ 20లోగా సరిచేసుకోవాలని అక్కడి ప్రభుత్వ శాఖలకి గడువు పెట్టింది. ఆ వార్త చదివిన రోజు నాకు మళ్లీ మా ల్యాబ్ గుర్తొచ్చింది. మాకు చెప్పింది మా పిల్లాడు కాబట్టి సరిపోయింది.

సొంత ల్యాప్‌టాప్‌కి ఇది అవసరం లేదు. రాత్రి మూసేసి పొద్దున తెరిచేదాన్ని రీబూట్ చేసుకోండి చాలు. రోజూ వేరేవాళ్లు లోపలికి వచ్చి కోడ్ రన్ చేసే సర్వర్ అయితే మాత్రం ఇది లేకుండా ఉంచొద్దని నా సలహా. ఒరాకిల్ లినక్స్ వాళ్లకి కేస్‌ప్లైస్, రెడ్‌హ్యాట్ వాళ్లకి కేప్యాచ్ ఉన్నాయి. నేను వాడింది ఉబుంటుదే కాబట్టి మార్కులు దీనికే ఇస్తున్నాను. 5కి 4. తగ్గించిన ఒక్క మార్కూ వెర్షన్ నంబరు విషయంలో. ప్యాచ్ అయిందని బయటి స్కానర్లకి తేలిగ్గా తెలిసే మార్గం ఉంటే మాలాంటి వాళ్లకి ఎంతో శ్రమ తప్పుతుంది.

ఆ అబ్బాయి ఈ ఏడాది పాసై వెళ్లిపోయాడు. వెళ్లేముందు నాకో చిన్న స్క్రిప్ట్ రాసిచ్చాడు. రోజూ పొద్దున ఎనిమిదికి నడుస్తున్న కెర్నల్ ఏది, డిస్క్ మీద ఉన్న కెర్నల్ ఏది, లైవ్‌ప్యాచ్ ఏమంటోంది అని మూడు లైన్ల మెయిల్ పంపుతుంది. ఇవాళ్టి మెయిల్‌లో మూడో లైను పచ్చగానే ఉంది. మొదటి రెండు లైన్లు ఇరవై మూడు రోజులుగా కలవడం లేదు. దసరా సెలవులు ఇచ్చే రోజు సాయంత్రం ఐదింటికి సర్వర్ ఆపుతున్నామని నోటీసు టైప్ చేసి, హెచ్‌ఓడీ గారి సంతకం తీసుకుని, ల్యాబ్ తలుపుకి అంటించి వచ్చాను.